నేరేడు యాడుండాల

తిరుపతి, కొర్లగుంట
జూన్ నెల

చిన్నమ్మకు,

ప్రశాంతి నమస్కారాలు. ఈడ మేమంతా బాగుండాం. నువ్వెట్లుండావు, నర్సరీలో ఈసారి మామిడి అంట్లు ఎట్ల పోతా ఉండాయి, రాయి. ఫోను చేస్తే నీకు నా మాట వినపడదు, ఆఁ ఆఁ అని రెండుసార్లు అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. పాప ఇప్పుడే పడుకునింది. లేచేలోపల రాయాల.

నిన్నొక మాట అడగాల. వచ్చే నెలలో మహితకు రెండేళ్ళు నిండుతాయి. పుట్టినరోజుకు కుక్కపిల్లను తెస్తానని మీ అల్లుడు ఒకటే పట్టు. ఏర్పేడు క్యాంపస్‌లో ఆయనతో పాటు కరెంటు పని చూసే అమర్‌నాథ్ అని ఉండాడు, వాళ్ళింట్లో లాబ్రడార్ కుక్క ఈనింది. తెల్లగా, బొద్దుగా, దూదిముద్దల మాదిరి ఉండాయి పిల్లలు. దినామూ ఫోన్లో ఒక కొత్త ఫొటో తెచ్చి చూపిస్తాడు. పాప ఆ ఫొటోకు ముద్దులు పెట్టి ఫోనంతా ఎంగిలి చేస్తా ఉండాది. బాల్కనీ కమ్మీల్లోనుంచి వీధికుక్కలకు బిస్కెట్లు వేయడం దానికి ముందే అలవాటు.

మా అత్త సంగతి నీకు తెలుసు కదా. ఆదిలక్ష్మమ్మ ఒకసారి వద్దనిందంటే వద్దే. పోయిన నెల మా వీధిలో ఒక పిల్లోడిని కుక్కలు తరుముకున్నాయి, పిల్లోడు పడి మోచేయి విరిగింది. అప్పట్నుంచీ ఆమె గేటు కాడ కట్టె పెట్టుకుంది. ఇంట్లోకి కుక్క వస్తే నేను పాకాలకు, నా కూతురింటికి పోతానంటాది. పసిబిడ్డ తిరిగే ఇంట్లో కుక్కవెంట్రుకలేందంటాది. అదీ నిజమే అనిపిస్తుంది. మాది మిద్దిమింద ఇల్లు, పెరడు లేదు. కానీ ఆయన ఫొటో చూపించినప్పుడు, ఉంటే బాగుంటుందేమో అనీ అనిపిస్తుంది.

నువ్వు ఊహ తెలిసినప్పట్నుంచీ కుక్కలతో బతికినదానివి. నీ మాట మీదనే పోదామని ఇద్దరినీ ఒప్పించినాను. చూసుకునే మనిషి లేదని కాదు, రెండు నెలలుగా నేను స్కూలుకు పోవడం లేదు, ఇంట్లోనే ఉండాను. నువ్వు ఏమంటావో రాయి. నీ కుక్క నేరేడును అడిగినానని చెప్పు.

నీ
ప్రశాంతి

•

గుడిపాల, చిత్తూరు
జూన్ నెల

అమ్మణ్ణీ,

నీ ఉత్తరం అందింది. వద్దు. ముందే చెప్పేస్తే మిగతాది నిమ్మళంగా చదువుకుంటావు.

రెండేళ్ళ బిడ్డకు కుక్క అనేది ఉండదమ్మా. తెస్తే అది నీ కుక్క, అల్లుడి కుక్క. బిడ్డ దాని తోక పీకుతుంది, కంట్లో వేలు పెడుతుంది, మీదెక్కి కూర్చుంటుంది. బిడ్డ తప్పు కాదు, ఆ వయసు అట్లాంటిది. కుక్కపిల్లకూ అదే వయసు. దాని పండ్లు సూదులు. ఆటకని మడమలు కొరుకుతుంది, బిడ్డ ఏడుస్తుంది, మీరెవరో ఒకరు పిల్లను కొడతారు. బిడ్డ దగ్గరకొస్తే దెబ్బ పడుతుందని దానికి అర్థమవుతుంది. అక్కడ మొదలవుతాది.

ఆరు నెలలకు లాబ్రడార్ పిల్ల మీ పాపకంటే బరువవుతుంది. దాన్ని పొద్దన, సాయంత్రం మెట్లు దింపి ఎక్కించేదెవురు? అల్లుడు ఏర్పేడు పోతాడు. ఒక చంకలో బిడ్డ, ఒక చేతిలో గొలుసు పెట్టుకోని నువ్వు పడితే ఎవురు లేపుతారు? నర్సరీకి చెట్లకని వచ్చేవాళ్ళు నన్ను అడుగుతా ఉంటారు, మా కుక్కను మీ తావ వదిలేస్తామమ్మా, మీకు స్థలముండాది కదా అని. ఎందుకు తెచ్చుకున్నారంటే పిల్లలు ముచ్చటపడినారంటారు. చివరికి అది మిద్దెమీద ఎండలో గొలుసుతో ఉంటాది. చూసి చూసి నాకు విసుగొచ్చింది.

పెంచుకునేవాళ్ళు లేరని కాదు. బిడ్డనూ కుక్కనూ ఒక్క రూములో వదిలేసి, పొయ్యి ఆపొస్తాననుకుని కూడా పోకూడదు. అది తినేటప్పుడు, పడుకున్నప్పుడు బిడ్డ చెయ్యి దాని మీద పడకూడదు. ఇది బిడ్డకు నేర్పే వయసు కాదు, పెద్దోళ్ళే కండ్లు పెట్టుకోని ఉండాల. అంత ఓపిక ఉంటే, అప్పుడు కూడా పిల్లను కాదు, వయసొచ్చిన కుక్కను చూసుకోవాల. గుణం తెలిసినది, పిల్లల్ని చూసినది. అట్లాంటిది దొరకడం కష్టం. వదిలేయి.

మీ అత్తతో నేనూ అదే మాట అన్నానని చెప్పు, వదినకు సంతోషంగా ఉంటుంది.

ఇంకొకటి. రెండు నెలలుగా స్కూలుకు పోలేదని రాసినావు. ఎందుకో రాయలేదు. పిల్లలకు పాఠం చెప్పకుండా నువ్వు ఉండలేవు కదా.

నీ చిన్నమ్మ
పంకజాక్షి

•

తిరుపతి
జూలై నెల

చిన్నమ్మా,

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించినాను. మా అత్త సగంలోనే లేచి వంటింట్లోకి పోయింది, ఇంక వినాల్సిందేముండాది అన్నట్టు. మీ అల్లుడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. నాకు నీ మీద కొంచెం కోపమొచ్చింది. అంత గట్టిగా రాయాల్నా అనిపించింది.

మర్నాడు ఆయన డ్యూటీకి పోతా, చెప్పులేసుకుంటా అన్నాడు.

"పాపకని ఎవురన్నారు? కుక్కపిల్లను అడిగింది నీ కోసం."

ఆ మాట అని మెట్లు దిగిపోయినాడు. నేను గడపలోనే కూర్చుండిపోయినాను.

నీకు రాయని సంగతొకటి ఉండాది. ఏప్రిల్లో నాకు మూడో నెల. మూడు నిండినాకనే చెప్దామని ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా. అది నిలవలేదు. ఆసుపత్రిలో ఒక పూట ఉంచుకోని పంపించేసినారు. ఇంటికొచ్చినాక మా అత్త బాగానే చూసుకుంది, పత్యం చేసి పెట్టింది. చుట్టాలు తెలిసినవాళ్ళు వచ్చి ఒక బిడ్డ ఉండాది కదా, ఇంకొకటి పుడుతుందిలే అన్నారు. నేనూ తలూపినాను.

అప్పట్నుంచీ నేను స్కూలుకు పోలేదు. హెడ్‌మాస్టరు సెలవు ఇచ్చినాడు. పాపను చూసుకుంటా, అన్నం వండుతా, బట్టలు మడతపెడతా. అంతా చేస్తా చిన్నమ్మా, ఏమీ నిలబడిపోలేదు. కానీ చేసి చేసి కిటికీ కాడ కూర్చుంటాను. పాప వచ్చి నా గడ్డం పట్టుకోని తనవైపు తిప్పుకుంటాది. అది చూసినాడంట ఆయన. ఇంట్లో ఏదో ఒకటి కదలాడతా ఉంటే నేను లేస్తాననుకున్నాడంట. ఆయనకు ఇంకేమి చేయాలో తోచలేదు.

అమర్‌నాథ్ ఇంట్లో పిల్లలన్నీ వేరేవాళ్ళకు పోయినాయి. కుక్క సంగతి అయిపోయింది. నువ్వు చెప్పింది నిజమే, పాపకు కుక్క వద్దు. పుట్టినరోజుకు మూడు చక్రాల సైకిలు తెచ్చినాం.

ప్రశాంతి

•

గుడిపాల
జూలై నెల

బంగారూ,

నువ్వు అడిగిందొకటి, నేను చెప్పిందొకటి. తెలియక కుక్కల గురించి పాఠం చెప్పినాను.

ఇంకొకటి పుడుతుందిలే అనే మాట నువ్వు తల ఊపి వినాల్సిన పని లేదు. ఇంకొకటి పుట్టొచ్చు, పుట్టకపోవచ్చు, ఆ బిడ్డ మాత్రం ఆ బిడ్డే. మీ అమ్మ బతికుంటే ఈ పాటికి నీ పక్కన కూర్చోని ఉండేది. నేను అక్కలాగా మాట్లాడలేను. నాకు వినపడదు కాబట్టి ఎవురూ నాతో నెమ్మదిగా మాట్లాడరు, నేనూ మర్చిపోయినాను.

కిటికీ కాడ కూర్చోవాలంటే కూర్చో. తప్పేమీ లేదు. ఎప్పుడైనా లేవాలనిపిస్తే బిడ్డనెత్తుకోని ఈడికి రా. వదినను కూడా పిలుచుకోని రా. అంట్ల వరసల మధ్య పాప ఎంత దూరమైనా పరిగెత్తొచ్చు. ఈడ పనులు కొంచెం అటూ ఇటూగా ఉండాయి, అయినా మీరు వస్తే నాకు అడ్డం లేదు.

అల్లుణ్ణి కోప్పడొద్దు. మగోళ్ళకు దుఃఖమొస్తే ఏదో ఒకటి కొనాలనిపిస్తుంది.

చిన్నమ్మ

•

తిరుపతి
ఆగస్టు నెల

చిన్నమ్మా,

నీ తావ ఆటోలో చెట్లు మోసే మునిచంద్ర నిన్న మా ఇంటికొచ్చినాడు. ఏర్పేడు క్యాంపస్‌లో నాటే చెట్లు దింపి, తిరిగిపోతా, పాపకు జామకాయలు ఇచ్చిపోదామని ఎక్కినాడు. టీ తాగతా తాగతా, పాపం అమ్మకు ఇంత కష్టం రాకూడదు అన్నాడు. ఏం కష్టమని అడిగినాను. నాకు తెలుసనుకున్నాడు.

రోడ్డు వెడల్పు చేస్తా ఉండారంట. నర్సరీ స్థలమంతా పోతా ఉండాదంట. నీ సొంతం కాదు కాబట్టి నీకు చెప్పేవాళ్ళు కూడా లేరు, స్థలంగలాయన దసరాలోపల ఖాళీ చేయాలని మే నెలలోనే చెప్పినాడంట. చిత్తూరులో గ్రీమ్స్‌పేటలో మిద్దిమింద ఒక రూము మాట్లాడుకున్నావంట. ఆ ఇంటివాళ్ళు కుక్కను రానీరంట. నేరేడును పెట్టుకోమని నువ్వు పాలకేంద్రం ఆయన్ని, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాచ్‌మన్‌ను అడిగి, వాళ్ళు కాదంటే ఊరకుండిపోయినావంట.

మునిచంద్ర ఇంకొకటి చెప్పినాడు. నర్సరీకి ఎవరైనా వస్తే నీకు వినపడదు కదా, అప్పుడు నేరేడు వచ్చి నీ మోకాలికి ముక్కు ఆనించి నిలబడతాదంట. నువ్వు లేచి చూస్తావంట. నాకిది ఇన్నేళ్ళుగా తెలియదు.

నీ కుక్కకు ఇల్లు కావాల్సిన నెలలోనే నేను నీకు కుక్క గురించి రాసినాను. వయసొచ్చినదైతే మంచిది, అట్లాంటిది దొరకడం కష్టం, వదిలేయి అని రాసినావు. అది రాసేటప్పుడు నీ కాళ్ళ కాడనే పడుకోని ఉంటాది. నా కడుపులో పోయిన బిడ్డ సంగతి నేను నీకు రాసినాను. బతుకుతెరువు పోతా ఉండాదని నువ్వు నాకు రాయలేదు. పనులు అటూ ఇటూగా ఉండాయి అన్నావు. అంతేనా నేను నీకు?

ప్రశాంతి

•

గుడిపాల
ఆగస్టు నెల

అమ్మణ్ణీ,

కోప్పడితే కోప్పడు. నువ్వు నవ్వతా రాసే ఉత్తరాలకంటే ఇది మేలు.

నువ్వు నన్ను అడిగింది, పాపకు కుక్క మంచిదా కాదా అని. నేరేడుకు ఇల్లు కావాలని నేను ఆ ఉత్తరంలో ఒక్క ముక్క రాసి ఉంటే నువ్వు పాప సంగతి పక్కన పెట్టి నా సంగతి చూసేదానివి. నాకు తెలుసు నీ గుణం. రేపు బిడ్డకు ఏమన్నా జరిగితే నా మొహం చూసి నువ్వు ఏమీ అనేదానివి కాదు, అది నేను తట్టుకోలేను. రెండో ఉత్తరానికి నీ బాధ విన్నాక, దాని మీద నా బాధ యాడ పెట్టేది?

ఇప్పుడు నీకు తెలిసింది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. నేరేడుకు అయిదేళ్ళు. ఊరికుక్క, నల్లగా ఉంటాది. నేరేడు నారుమడి కాడ ఎవురో పిల్లను వదిలేసిపోతే దొరికింది, అందుకే ఆ పేరు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినాను. ప్రతి యేడూ సూదులు వేయిస్తాను. మునిచంద్ర పిల్లలు దాని మీద పడి ఆడతారు, కానీ వాళ్ళు బడికి పోయే పిల్లలు. రెండేళ్ళ బిడ్డతో ఒక ఇంట్లో అది ఎప్పుడూ లేదు. ఎట్లుంటాదో నాకు తెలియదు. తెలుసని చెప్తే అబద్ధం.

వచ్చి ఉండి చూడండి. వదిన తప్పకుండా రావాల, ఆమె కండ్లు మనందరికంటే గట్టివి. మీకు సరిపడకపోతే మళ్ళీ ఆ మాటెత్తను.

చిన్నమ్మ

•

గుడిపాల
సెప్టెంబరు నెల

అమ్మణ్ణీ,

మీరు బస్సెక్కినాక నర్సరీ ఒట్టిగా అయిపోయింది. నేరేడు పాప ఆడుకున్న ఇసుక కుప్ప మీదనే పడుకోని ఉండాది.

నువ్వు ఈడున్నన్ని దినాలు నేను నిన్నే చూస్తా ఉన్నాను, కుక్కను కాదు. పొద్దన చీర చెక్కుకోని, పైపు పట్టుకోని, చెట్లకు నీళ్ళు పెట్టినావు. అల్లుడు నీళ్ళలో తడిస్తే నవ్వినావు. నాకు ఆ నవ్వు వినపడలేదు కానీ పండ్లు కనిపించినాయి.

బస్సు కాడ నువ్వు నా చెయ్యి పట్టుకోని, నేరేడును మాకిచ్చెయ్యి చిన్నమ్మా అన్నావు. రాస్తానులే అన్నాను. ఎందుకు అప్పుడే సరేననలేదో ఇప్పుడు చెప్తాను. చెప్పినాక నువ్వు వద్దనొచ్చు.

నువ్వు తలకు పోసుకోను పోయినప్పుడు నేను నేరేడుకు సంగటి పెట్టినాను. పాప వదిన కాడ ఉండాదనుకున్నాను. వదిన నా కాడ ఉండాదనుకుంది. పాప పోయి గిన్నెలో చెయ్యి పెట్టింది. నాకు శబ్దం వినపడలేదు, నేరేడు పెదవి లేచి పండ్లు కనిపించడం చూసినాను. అది గుర్రుమనింది విని మునిచంద్ర పరిగెత్తుకొచ్చినాడు. మేమిద్దరం పోయేలోపల నేరేడే గిన్నె వదిలి లేచి, పోయి పంపుసెట్టు వెనకాల నిలబడింది. పాపను తాకలేదు. పాప నవ్వతా సంగటి తింటా ఉండాది. వదినా చూసింది, గమ్మునుండింది. నేను చెప్తాననుకుందేమో, నాకప్పుడు నోరు రాలేదు.

అది కరవలేదు. కానీ కరవగలిగిన జంతువు అమ్మణ్ణీ, అన్ని కుక్కల మాదిరే. నా కుక్క అట్లాంటిది కాదని నేను చెప్పను. బిడ్డ నీది. మీ ముగ్గురూ కూర్చోని ఆలోచించుకోండి. వద్దంటే ఒక్క ముక్క రాయి, కారణం రాయద్దు.

చిన్నమ్మ

•

తిరుపతి
సెప్టెంబరు నెల

చిన్నమ్మా,

నీ ఉత్తరం అందింది. చదివిన వెంటనే పాప చెయ్యి పట్టుకోని వేళ్ళు ఒక్కొక్కటీ చూసినాను, ఎప్పుడో జరిగిపోయినా. ఆయన కూడా చదివి, అయితే వద్దులే అన్నాడు. ఆయన అంత తొందరగా వద్దంటాడని అనుకోలేదు.

నేను మా అత్తను అడిగినాను, చూసి కూడా ఎందుకు చెప్పలేదని. ఆమె చిక్కుడుకాయలు తుంచతా ఉండాది. మీ చిన్నమ్మ దాస్తుందా చెప్తుందా అని చూస్తా ఉన్నానంది. చెప్పింది కాబట్టి ఇప్పుడు నేనూ చెప్తానంది.

"దాని కూటిలో చెయ్యి పెడితే వద్దని చెప్పింది, వినకపోతే లేచిపోయింది. అంత ఓర్పు మనుషుల్లో నేను చూడలేదు. కాపలా లేకుండా బిడ్డను వదిలింది మనం."

పాకాలకు పోతానన్న మనిషి ఇట్లంటే మీ అల్లుడు ఆమె మొహమే చూస్తా నిలబడినాడు. ఆమె ఊరికే ఒప్పుకోలేదు. కుక్కకు వేరే చోటుండాల, అది తినేటప్పుడు మధ్యలో తలుపుండాల, వంట గిన్నెల జోలికి రాకూడదు, పాప కాడ ఎవరో ఒక పెద్ద మనిషి ఎప్పుడూ ఉండాలంది. వంటింటి వెనక వసారాకు ఆయన చెక్కలతో నడుమెత్తు తలుపు చేస్తా ఉండాడు. కింద ఉండే ఇంటి ఓనరమ్మ మెట్లు మురికి చేయకుంటే చాలంది.

ఆయన అడిగింది నా కోసం, కానీ నన్ను అడగకుండా. మొదట్లో నేను నిన్ను అడిగింది పాప పేరు చెప్పి. ఇప్పుడు నా పేరు మీదనే అడుగుతా ఉండాను. నాకు నేరేడు కావాల. పొద్దన నన్ను లేపి కిందికి పిలుచుకపోయే ప్రాణం ఒకటి కావాల. పాపను కనిపెట్టుకోని ఉండే పని నాది, మా ముగ్గురిదీ. దాని మీద వేయను.

దసరాకు ముందు ఆదివారం ఆయన కారు మాట్లాడుకోని వస్తాడు. నేనూ వస్తాను. నువ్వు రూముకు మారే సామాన్లు కూడా అందులోనే దింపుతాం.

ప్రశాంతి

•

తిరుపతి
నవంబరు నెల

చిన్నమ్మా,

నేరేడు బాగుండాది అని మూడు ఉత్తరాల్లో ఒక్క ముక్కతో సరిపెట్టినాను. నిజంగా అయితే మొదట బాగలేదు. నువ్వు బెంగ పెట్టుకుంటావని రాయలేదు. నీ జబ్బే నాకూ ఉన్నట్టుంది.

వచ్చినాక అది తినలేదు. సంగటి పెట్టినా, పెరుగన్నం పెట్టినా ఒకసారి వాసన చూసి పోయి మెట్ల తలుపు కాడ కూర్చునేది. ఎవరి అడుగుల చప్పుడైనా చెవులు నిక్కబొడుచుకోని, నువ్వు కాదని తెలిసినాక తల కింద పెట్టేది. మేము పాపను దాని దగ్గరకు పోనీయలేదు. పాప చెక్క తలుపు ఇవతల కూర్చోని దాన్ని చూసేది, అది మెట్లవైపు చూసేది, నేను ఇద్దరినీ చూసేదాన్ని. తప్పు చేసినామేమో అనుకున్నాను. మీ అల్లుడు వెనక్కి దింపేస్తామా అన్నాడు. యాడికి దింపేది?

ఒక సాయంత్రం నాకే ఉండబట్టలేదు. పాపను మా అత్త కాడ వదిలి, గొలుసు పట్టుకోని కిందికి దిగినాను. అది నన్ను లాక్కోని పోలేదు, నా నడకకు తగినట్టు నడిచింది. రైలు గేటు దాకా పోయినాం. ఏప్రిల్ తర్వాత నేను ఊరికే అంత దూరం నడిచింది అప్పుడే. గేటు పడితే నిలబడినాం. గూడ్సు బండి పోతా ఉంటే నాకు ఏడుపొచ్చింది, ఆ చప్పుడులో ఎవరికీ వినపడదని బాగా ఏడ్చినాను. నేరేడు నా కాలికి ఆనుకోని నిలబడింది. ఇంటికొచ్చినాక గిన్నె ఖాళీ చేసింది.

ఆ తర్వాత కుదురుకుంది. ఒకసారి పాప పరిగెత్తతా దాని తోక తొక్కింది. అది కుయ్యిమని లేచి తన చోటుకు పోయింది. ఆ దినమంతా తలుపు వేసే ఉంచినాం. పాప తలుపు కాడ నిలబడి "నేలే, నొప్పా?" అంటా ఉండాది. అది తింటా ఉన్నప్పుడు మా అత్త పాపను ఒళ్ళో పెట్టుకోని, నేరేడు బువ్వ తింటాది, మనం చూడాల అంతే, అని చెప్తాది. పాప ఇప్పుడు తనే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటాది. ఎప్పుడూ కాదు, సగం సార్లు. మిగిలిన సగానికి మేముండాం.

ఇంట్లో కుక్కవెంట్రుకలేందన్న మా అత్త పొద్దన మిగిలిన ఇడ్లీ ముక్క దాచి దానికి పెడతా ఉండాది. నేను చూడలేదనుకుంటాది.

దీపావళి సెలవులైనాక స్కూలుకు పోతా ఉండాను. నా క్లాసు పిల్లలు నా కోసం బోర్డు మీద పూలు గీసినారు. నీ చెవులకు మిషను పెట్టించుకోమని ఆయన మళ్ళీ చెప్పమన్నాడు.

ప్రశాంతి

•

చిత్తూరు, గ్రీమ్స్‌పేట
ఫిబ్రవరి నెల

అమ్మణ్ణీ,

నాకు స్థలం దొరికింది. గూడూరులో. ఆడంతా నిమ్మ తోటలే కదా, నిమ్మ అంట్లు కట్టేవాళ్ళు కావాలని ఒకాయన కబురు పంపినాడు. పోయి చూసినాను. బావి ఉండాది, చుట్టూ కంచె ఉండాది, ఒక మూల రెండు రూముల ఇల్లుండాది. ఈ మిద్దెమింద కూర్చోని రోడ్డు చూసి చూసి మొద్దుబారిపోయినాను. మార్చిలో మారిపోతాను. మునిచంద్ర కూడా కుటుంబంతో వస్తానన్నాడు.

పోయినసారి దాచిపెట్టినానని తిట్టినావు కాబట్టి ఈసారి దాచను. ఆ స్థలం చూడంగానే నేను మొదట అనుకున్నది, నేరేడుకు ఈ కంచె సరిపోతుంది అని. దాన్ని అడగడానికి రాయడం లేదు. అడగాలని లేదని రాస్తే అబద్ధం.

చిన్నమ్మ

•

తిరుపతి
ఫిబ్రవరి నెల

చిన్నమ్మా,

స్థలం దొరికినందుకు అందరం సంతోషపడినాం. నిజంగా.

రెండో సంగతి కూడా అందరికీ చదివి వినిపించినాను. మా అత్తే అనింది, అది ఆమె పెంచిన కుక్క, ఆమెకు చెవులు కూడా అదే, మనం ఎట్ల కాదంటామని. అని, లేచి పోయి దానికి నీళ్ళు పెట్టింది.

నువ్వు గూడూరు పోయేటప్పుడు తిరుపతి మీదుగానే కదా పోవాల. దిగి, మా ఇంట్లో ఒక దినం ఉండి, చూసి, నీకేమి అనిపిస్తే అది చెయ్యి. తీసుకపోతే నేను ఏడుస్తాను. కానీ అడ్డం పడను. ఏప్రిల్లో ఉన్న మనిషిని కాదు నేనిప్పుడు, ఆ మాట నమ్ము.

ప్రశాంతి

•

గూడూరు
మార్చి నెల

అమ్మణ్ణీ,

క్షేమంగా చేరినాను. ఇల్లు సర్దుకున్నాను. బావి నీళ్ళు తియ్యగా ఉండాయి. నిమ్మ ఆకు వాసన ఇంట్లోకే వస్తాది.

మీ ఇంటికాడ నేను ఎక్కువ మాట్లాడలేదు, నువ్వు ఏమన్నా అనుకున్నావేమో. నేను చూడాల్సింది చూస్తా ఉన్నాను.

మెట్లెక్కంగానే నేరేడు నన్ను ఏం చేసిందో నువ్వు చూసినావు. మీద పడి, మొహమంతా నాకి, ఇల్లంతా తిరిగి మళ్ళీ వచ్చి మీద పడింది. పాప చప్పట్లు కొట్టింది. మరిచిపోయి ఉంటాదేమో అని బస్సంతా భయపడతా వచ్చినాను. అది చూసి నా మనసులో ఒకటే మాట, గొలుసు తీసుకోని పోదామని. సంచిలో గొలుసు తెచ్చుకున్నాను కూడా. నీకు చెప్పలేదు.

మధ్యాహ్నం పాప పడుకునింది. వదిన మంచం కాడ కూర్చోని ఉండాది. నేరేడు నా కాళ్ళ కాడనే ఉన్నింది. పాప ఏదో కలవరించి ఉంటాది, నాకేం వినపడుతుంది? నేరేడు లేచి పోయి నీ మోకాలికి ముక్కు ఆనించింది. నువ్వు బియ్యం ఏరతా ఉండి, చూడకుండానే, వస్తా ఉండా పద అని లేచి పోయినావు. మీరిద్దరూ ఎన్నో యేళ్ళుగా అట్లనే చేస్తా ఉన్నట్టు.

అయినా తెగలేదు నాకు. మనిషి ఆశ అట్లాంటిది. సాయంత్రం అల్లుడు నా పెట్టె దించతా ఉంటే, నేను నేరేడును కిందికి పిలిచినాను. గేటు దాకా వచ్చింది. ఆటో వచ్చి గేటు ముందర నిలబడింది. రా అని ఒక్క మాట అన్నాను. చేయి చాపలేదు, గొలుసు తీయలేదు. అది రెండడుగులు వేసింది. నా చెయ్యి నాకింది. అంతలో దాని చెవులు వెనక్కి తిరిగినాయి. మిద్దిమింద పాప పిలుస్తా ఉండాదని అల్లుడు చెప్తే తెలిసింది. అది నన్నొకసారి చూసింది. చూసి, మెట్లెక్కిపోయింది. పరిగెత్తలేదు, నింపాదిగా పోయింది, పని ఉన్న మనిషి పోయినట్టు.

అల్లుడు, పిలుచుకొస్తానత్తా, అన్నాడు. వద్దన్నాను. ఆయన కండ్లలో నీళ్ళు తిరిగినాయి, నాకు కనపడకుండా పెట్టె మోసే పని పెట్టుకున్నాడు. మంచోడు.

నేరేడు మీ ఇంట్లోనే ఉంటాది. ఇది నీ కోసమనో పాప కోసమనో ఇవ్వడం లేదు. అది ఏరుకుంది. దానికి జూన్ నెలలో సూది వేయించాల, మర్చిపోవద్దు. ఎండాకాలం మధ్యాహ్నం నడిపించొద్దు, పాదాలు కాలతాయి. పాపకు మూడేళ్ళొచ్చినా, నాలుగేళ్ళొచ్చినా కండ్లు పెట్టుకోనే ఉండండి.

నా సంగతికి దిగులు పడొద్దు. చెవులకు మిషను పెట్టించుకునేదానికి వచ్చే వారం నెల్లూరు పోతా ఉండాను, మునిచంద్ర పిలుచుకపోతానన్నాడు. పాపకు వేసవి సెలవుల్లేవు కానీ నీకుంటాయి కదా. అందరూ రండి, నేరేడును కూడా తీసుకోని. కంచె ఎంత దూరముండాదో అది చూడాల.

బస్టాండులో ఏడ్చినానా అని అడుగుతావు. లేదు. గూడూరు బస్సులో పక్కనున్న ఆమె మాత్రం నా మొహం చూసి, ఏమీ అడగకుండా లేచి, కిటికీ సీటు నాకిచ్చింది.

నీ చిన్నమ్మ
పంకజాక్షి